సారు మాట మీద

ఆ ఎండాకాలం మా ఆయనను ప్రిన్సిపాల్ చేశారు. చేశారు అనే అంటాను, అయ్యాడు అనను. ఆ రెండింటికీ తేడా తెలియడానికి మాకు వర్షాకాలం సగం పట్టింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి లోపలి గల్లీలోకి తిరిగితే అలాంటి డిగ్రీ కాలేజీలు నాలుగైదు కనిపిస్తాయి. కింద బట్టల షాపు, పైన కోచింగ్ సెంటర్, దాని పైన కాలేజీ. వాటిలో ఒకటి ఇది. పేరు చెప్పను, ఏ పేరు పెట్టుకున్నా సరిపోతుంది. ఆ కాలేజీ పుట్టినప్పటి నుంచీ మా ఆయన ఆనంద్ కుమార్ అక్కడే తెలుగు చెప్పాడు. మా మామ కొమరయ్యది తోలు పని. చెప్పులు కుట్టేవాడు, డప్పులు కట్టేవాడు, మోట బొక్కెనలు బాగుచేసేవాడు. ఆ పనిలో పలికే మాటలన్నీ ఊరూరూ తిరిగి పోగేసి మా ఆయన డాక్టరేటు తెచ్చుకున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక అందరూ భోజనాలకు కూర్చుంటే ఈయన టేపు రికార్డరు పట్టుకుని ఎవరో ఒక ముసలాయన మంచం పక్కన చేరేవాడు. పెళ్ళయిన కొత్తలో నేను దానికి ఏడ్చాను కూడా. తర్వాత ఆ పుస్తకం అచ్చయి, ఎక్కడెక్కడి పెద్దవాళ్ళో ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే నాకూ గర్వంగానే ఉండేది.

ప్రిన్సిపాల్ గది చూడటానికి మా అత్త రాములమ్మ ఊరి నుంచి వచ్చింది. పెద్ద కుర్చీ చూసి, “గిది ఎవలది బిడ్డా?” అని అడిగింది. నాదే అవ్వా అన్నాడు. ఆమె కొంగుతో కుర్చీ మొత్తం తుడిచింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో మావాళ్ళు ఫ్లెక్సీ కట్టారు, మనవాళ్ళలో తొలి ప్రిన్సిపాల్ అని. దాని కింద నిలబడి ఫోటో దిగుదామని మా ఆయన నన్ను రెండుసార్లు పిలిచాడు. వెళ్ళాను, దిగాను.

మే నెలాఖరులో కాలేజీ చైర్మన్ పట్టాభి గారు మా ఇంటికి మామిడిపళ్ళ బుట్టతో వచ్చాడు. సరూర్‌నగర్‌లో మా ఇంటి గడప ఆయన తొక్కడం అదే మొదలు. తణుకు వైపు మనిషి, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. ఎవరినీ గద్దించడు, మాట మెత్తన. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను.

“మాస్టారూ, కాలేజీకి గ్రేడిచ్చే తనిఖీ వాళ్ళు జూలైలో వస్తున్నారండీ. మనకి బిల్డింగుంది, పిల్లలున్నారు. పీహెచ్‌డీ స్టాఫే లేరు. మీ శిష్యులు బోలెడు మంది కదా, మీరు పిలిస్తే కాదంటారా?”

శిష్యులంటే, మా ఆయన ఎవరికీ అధికారికంగా గైడు కాదు. కానీ యూనివర్సిటీలో గైడు పట్టించుకోని పిల్లలంతా మా ఇంటికి వచ్చేవాళ్ళు. పదేళ్ళుగా మా డైనింగ్ టేబుల్ మీద మేం తిన్నదానికన్నా వాళ్ళు రాసింది ఎక్కువ. అందరూ పల్లెల నుంచి వచ్చినవాళ్ళే, ఇంట్లో మొదట బడికి పోయినవాళ్ళే. డాక్టరేట్లు వచ్చాయి, ఉద్యోగాలు రాలేదు. ఆ బాధ మా ఆయనకు లోపల పుండులా ఉండేది. పట్టాభి గారు సరిగ్గా దాని మీదే వేలు పెట్టాడు.

నేను కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. తనిఖీ అంటే ఏమిటో నాకు తెలుసు. వాళ్ళొచ్చే పొద్దున మంచాల మీదకు కొత్త దుప్పట్లు వస్తాయి, వాళ్ళు వెళ్ళాక మడతపెట్టి తీసుకుపోతారు. అందుకే ముందుకొచ్చి అడిగాను.

“పర్మనెంటుగ తీసుకుంటరా సార్? లేకుంటే తనిఖీ దాంకనేనా?”

మా ఆయన నా వైపు ఉరిమి చూశాడు. పట్టాభి గారు మాత్రం నవ్వాడు. “అదేంటి చెల్లెమ్మా, ఒక్కొక్కరికీ ఆర్డరిస్తున్నాం. కింద సంతకం ఎవరిదనుకున్నారు? మీ ఆయనదే.”

ఆ మాటతో మా ఆయన ఇంత ఎత్తు పెరిగాడు. పట్టాభి గారు వెళ్ళాక నన్ను కోప్పడ్డాడు, పెద్దమనిషిని పట్టుకుని అట్ల అడుగుతారా అని. మంచి జరుగుతుంటే అనుమానించడం నాకు అలవాటు అన్నాడు. మామిడిపళ్ళు మాత్రం బాగున్నాయి, అది ఒప్పుకోవాలి.

ఆ రాత్రికే ఫోన్లు మొదలుపెట్టాడు. పదిమంది దాకా ఒప్పుకున్నారు. ఏదో ఒక చిన్నా చితకా పని చేసుకుంటున్నవాళ్ళే, సారు పిలిచాడని ఎగిరి గంతేశారు. ఒక్క మహేందర్ దగ్గరే ఆగింది. వాడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ రోజులు కూర్చున్నవాడు. నా చేతి పప్పుచారుకు వంకలు పెట్టేంత చనువు వాడికి. దిల్‌సుఖ్‌నగర్‌లోనే శేఖర్ అనే ఆయన కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ పరీక్షలు రాసే పిల్లలకు చరిత్ర చెప్పేవాడు, మంచి పేరు ఉండేది. ఆ వ్యాపారానికి ఒక పద్ధతి ఉంది. మే మొదట్లోనే బ్యాచ్‌లు మొదలవుతాయి. సీజన్ మధ్యలో వదిలి పోయినవాణ్ణి మళ్ళీ ఆ వీధిలో ఏ సెంటరూ గడప తొక్కనీయదు, ఓనర్లంతా ఆ విషయంలో ఒక్కటే మాట మీద ఉంటారు.

వాడు ఇంటికి వచ్చి అదే చెప్పాడు. “సార్, సీజన్ల ఇడిచిపెడితే శేఖర్ సార్ మల్ల రానియ్యడు. ఇంకెవలు గూడ తీసుకోరు. జర ఆలోచించి చెప్పున్రి.”

“ఆలోచించుడేముంది రా. ఎన్ని దినాలు గా బిట్లు చెప్పుకుంట ఉంటవ్? నా మాట మీద రా.”

“మీరు రమ్మంటే ఒస్త సార్.”

అంతే. ఒక కాగితం అడగలేదు, ఒక హామీ అడగలేదు. మావాళ్ళలో అది అంతే. మాకు మేనమామల సిఫారసులుండవు, తెలిసిన మంత్రులుండరు. ముందు నడిచినవాడు చెయ్యి చాపితే పట్టుకుంటాం, ఆ చెయ్యి ఎక్కడ నిలబడి ఉందో చూడం. మహేందర్ మర్నాడే కోచింగ్ సెంటర్ వదిలేశాడు. శేఖర్ తిట్టి పంపించాడట. వాడు నవ్వుతూనే చెప్పాడు ఆ సంగతి, సున్నుండ తింటూ.

జూన్ అంతా కాలేజీకి సున్నాలు, రంగులు. విరిగిన బెంచీలు పడేసే గదికి పరిశోధన కేంద్రం అని బోర్డు పెట్టారు. నర్సరీ నుంచి పూల కుండీలు కిరాయికి తెచ్చి మెట్ల మీద వరుసగా నిలబెట్టారు. లైబ్రరీ బీరువాలు బోసిగా ఉన్నాయని మా ఇంట్లో పుస్తకాలు రెండు ఆటోల నిండా తీసుకుపోయారు. తర్వాత తిరిగొచ్చిన వాటిలో ప్రతి పుస్తకం మీదా కాలేజీ ముద్ర ఉంది, మా ఆయన సొంత థీసిస్ మీద కూడా. ఇవన్నీ చూస్తూ కూడా మా ఆయన గంగిరెద్దులా తలూపుతూనే ఉన్నాడు. ఏం చేస్తాం, అందరూ చేసేదే అనేవాడు. అందరూ గోతిలో దూకితే నువ్వూ దూకుతావా అని మా అమ్మాయిని దాని చిన్నప్పుడు అడిగేదాన్ని. డాక్టరేటు చేసినవాణ్ణి అడగాలని తోచలేదు.

తనిఖీ బృందం వచ్చి రెండు రోజులుంది. మహేందర్ క్లాసులోకి వాళ్ళలో ఒకాయన ఊరికే తొంగిచూద్దామని వచ్చాడట. మహేందర్ ఆ రోజు పుస్తకం ముట్టలేదు. మీరుండే కాలనీకి ఆ పేరు ఎందుకొచ్చింది, ఎవరిని అడిగితే తెలుస్తుంది, ఆ చెప్పింది నిజమని ఎట్ల తేలుస్తారు అని పిల్లలతో మాట్లాడిస్తున్నాడు. వచ్చినాయన వెనక బెంచీలో కూర్చుని గంట కొట్టేదాకా లేవలేదు. చివర్లో లేచి మహేందర్‌కు చెయ్యి ఇచ్చాడు. ఆ సాయంత్రం మా ఆయన ఆ సంగతి నాకు మూడుసార్లు చెప్పాడు. గ్రేడు రాకపోతే అడుగు లలితా, నా పిల్లలు నిలబెట్టిండ్రు అన్నాడు. నేనూ నమ్మాను. ఆ ఒక్క సాయంత్రం పట్టాభి గారి మీద అనుమానం కూడా వదిలేశాను.

మంచి గ్రేడు వచ్చింది. మెట్రో స్తంభాల దాకా ఫ్లెక్సీలు కట్టారు. ఆ తర్వాతి వారమే పట్టాభి గారు మా ఆయనను పిలిచి చెప్పాడు. అడ్మిషన్లు అనుకున్నంత లేవు, కొత్తవాళ్ళను ఇప్పుడు మోయలేం, వచ్చే ఏడాది చూద్దాం. ఐడీ కార్డులు వాపసు తీసుకోండి, ఆఫీసు వాళ్ళు అడిగితే బాగుండదు, మీరడిగితే నొచ్చుకోరు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాను గానీ, ఆ తెప్పకు నిప్పు కూడా మన చేతనే పెట్టించేవాణ్ణి అప్పుడే చూశాను.

అడగనని అనలేదు మా ఆయన. కాలేజీలో అయితే పిల్లలు చూస్తారని, ఇంటికి రమ్మన్నాడు అందరినీ.

వాన పడుతోంది ఆ రోజు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. చెప్పులు బయట విడిచి, తడిసిన తలలతో మా హాల్లో నిలబడి, మెడలోంచి కార్డు తీసి ఏ టేబుల్ మీద థీసిస్‌లు రాశారో దాని మీదే పెట్టారు. ఒకరిద్దరు కారణం అడిగారు. వచ్చే ఏడాది అన్నాడు మా ఆయన, తల ఎత్తకుండా. అందరికీ టీ ఇచ్చాను. ఎవరూ తాగలేదు. ఆఖరికి మహేందర్ వచ్చాడు.

“ఇగోండ్రి సార్,” అని కార్డు పెట్టాడు. వంగి సారు కాళ్ళకు మొక్కాడు. నా వైపు తిరిగి, పోయొస్త మేడమ్ అని వానలోకి దిగిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. గోడకేసి కార్డు విసిరికొట్టినా బాగుండేది. ఆ మొక్కు చూశాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏమన్న అడగలేదా మీరు ఆ పట్టాభిని?” అన్నాను.

“ఏమడగాలె? కాలేజీ ఆయనది.”

“సంతకం ఎవలది? నీది కాదా? పిలిచిన నోరు ఎవలది?”

పెళ్ళయ్యాక ఆయనను నువ్వు అనడం అదే మొదలు. ఆయన కూడా అది గమనించాడు. మెల్లగా, “నా కుర్సీ ఉంటేనే గదా లలితా, ఒచ్చే ఏడన్న ఎవలనో ఒకల్ని తీసుకోగలుగుత,” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీ ఎక్కిన ప్రతివాడూ చెప్పే మాట అది. ఎన్నికల్లో ఓట్లడిగేవాళ్ళు చెబితే నవ్వుకుంటాం, మన ఇంట్లో మనిషి చెబితే ఎక్కడికి పోయి నవ్వాలి? ఆ కార్డులన్నీ కవరులో వేసి ఆయన సంచిలో పడేశాను. మూడు రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మహేందర్ భార్య అలేఖ్య వచ్చింది, మీర్‌పేట్ నుంచి బస్సులో. ఆ అమ్మాయి ఒక చిన్న స్కూల్లో టీచరు. మంచినీళ్ళు ఇస్తే ముట్టలేదు. కుర్చీ అంచున కూర్చుంది.

“మేడమ్, సార్‌ను ఒక్క మాట అనొద్దని మా ఆయన నాతోని ఒట్టేయించుకున్నడు. అందుకే సార్ లేని టైంల ఒచ్చిన. మిమ్ములను అడగొచ్చు గదా. మేం ఏం తప్పు జేసినం?”

 శేఖర్ దగ్గరికి పోయారా అని అడిగాను. పోయాడట, వాన వెలిసేదాకా కింద నిలబెట్టి పైకి రానివ్వలేదట. మిగతా సెంటర్లలో ముందే కబురు అందింది.

“ఇప్పుడు మా తమ్ముని సెల్‌ఫోన్ దుకాణంల కూసుంటున్నడు మేడమ్. రోజంత ఫోన్లకు గ్లాసులు అతికిస్తడు. మొన్న ఆయన పాత స్టూడెంట్లు ఒచ్చిండ్రు. వాళ్ళు పోయేదాక కౌంటర్ కింద వంగి ఉన్నడట, ఏదో పడిపోయిందని దేవులాడుతున్నట్టు. మా తమ్ముడు చెప్పిండు, ఆయన చెప్పలే.”

ఆ పిల్ల ఏడవలేదు. లేచి, చీర కొంగు సర్దుకుని, సార్‌తో చెప్పకండి నేనొచ్చినట్టు అంది. చెప్పను అన్నాను. ఆయన ఇంటికి రాగానే చెప్పాను, ఒక్క మాట విడవకుండా. మాట తప్పినందుకు నాకేమీ బాధ లేదు. ఆయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోటికి పోలేదు.

ఆగస్టు చివర్లో ఎల్బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో గ్రేడు సంబరం పెట్టారు. ప్రిన్సిపాల్ భార్యనని నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. పట్టాభి గారు మా ఆయనను సరస్వతీపుత్రుడు అన్నాడు. గజమాల వేయబోతే మా ఆయన చేతితో ఆపి, మైకు అడిగాడు.

“ఈ గ్రేడు తెచ్చినోళ్ళు గీ హాల్ల లేరు,” అన్నాడు. ఒక్కొక్కరి పేరూ చదివాడు, కాగితం చూడకుండా, ప్రతి పేరు ముందు డాక్టర్ అని పలుకుతూ. “వీళ్ళను నేను పిలిచి, నేనే పంపించిన. వీళ్ళు లేని కాలేజీకి నేను ప్రిన్సిపాల్‌ను కాదు.”

మైకు బల్ల మీద పెట్టి దిగి వచ్చాడు. పోదాం పా అన్నాడు నాతో.  ఎవరో పిల్లవాడు వెనక నుంచి ఈల వేశాడు. కాలేజీ కారు వద్దని రింగ్ రోడ్డు మీద ఆటో ఎక్కాం. ఆ రోజు నేను సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. దారిలో ఆయన చెయ్యి పట్టుకున్నాను కూడా.

పట్టాభి గారికి కోపం రాలేదు. మీ ఇష్టం మాస్టారూ అని ఫోన్ చేసి, మళ్ళీ సోమవారానికల్లా ఇంకో డాక్టరేటును ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. గ్రేడు గ్రేడుగానే ఉంది.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. ఆ సభలో ఎవరో తీసిన వీడియో ఫోన్లన్నీ తిరిగింది. ఒక వారంలోనే మా ఇల్లు తీర్థమైంది. సంఘాలవాళ్ళు వచ్చారు, విలేకరులు వచ్చారు. పాస్టరు గారు ఆదివారం వాక్యం మధ్యలో మా ఆయన పేరెత్తాడు. నిజాయితీకి మారుపేరు, కుర్చీని కాలితో తన్నిన మనిషి. మొదట్లో మా ఆయన వద్దు వద్దు అనేవాడు. మెల్లగా వినడం నేర్చుకున్నాడు. వచ్చినవాళ్ళకు మొదటి నుంచీ చెప్పేవాడు, కథ రోజు రోజుకూ బాగా కుదిరేది. నేను టీలు పెడుతూ వినేదాన్ని. అందులో పట్టాభి ఉండేవాడు, కుర్చీ ఉండేది, మైకు ఉండేది. మహేందర్‌ను ‘మా పిల్లలు’ అనే మాటలో కలిపేశాడు. ఆ పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారని వచ్చినవాళ్ళలో ఒక్కరూ అడగలేదు.

మా ఆయనకు రిటైర్మెంటు ఇంకో ఏడాదే ఉండింది. నా జీతం ఉంది, ఇల్లు సొంతం. ఆయన వదిలిన కుర్చీ వల్ల మా ఇంట్లో ఒక్క పూట కూడా పొయ్యి ఆరలేదు. ప్రిన్సిపాల్ అన్న పేరు పోగొట్టుకున్నాడు, నెల తిరగకుండా అంతకన్నా పెద్ద పేరు తిరిగి తెచ్చుకున్నాడు. రాజీనామా కూడా ఉన్నవాడికే కలిసొస్తుందని నాకు అప్పుడే తెలిసింది. మహేందర్ వదిలిన పనికి ఎవరు శాలువా కప్పారు?

సెప్టెంబరులో ఒక ఆదివారం సరూర్‌నగర్‌లో పెద్ద సన్మానం పెట్టారు. ఆత్మగౌరవ సభ అని పేరు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, అద్దం ముందు నిలబడి గుండీలు పెట్టుకుంటున్నాడు. నేను తయారు కాలేదు. ఏమైంది అన్నాడు.

“మహేందర్‌ను పిలిచిన్రా?” అన్నాను.

“వాణ్ణెందుకు. వాడు నొచ్చుకుంటడేమో.”

“కార్డు గుంజుకున్నప్పుడు నొచ్చుకోలేదా? వాడు లేకుంట ఆ శాలువ ఎట్ల కప్పుకుంటరు మీరు?”

గుండీ మీద వేళ్ళు ఆగిపోయాయి.  తర్వాత వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఫోన్ తీసి మహేందర్‌కు కలిపాడు. చెవి సరిగా వినపడదని ఎప్పుడూ స్పీకర్ పెడతాడు. రింగు మొత్తం మోగి ఆగిపోయింది. సారు ఫోన్ చేస్తే మహేందర్ ఎత్తకపోవడం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. బయట నిర్వాహకుల కారు వచ్చి హారన్ కొట్టింది.

ఆయన నా ముఖం చూశాడు. పనిలో ఉన్నడేమో అన్నాడు.  మళ్ళీ కలిపాడు. రింగవుతోంది. ఎత్తితే వాడు మళ్ళీ, మీరు రమ్మంటే ఒస్త సార్ అనే అంటాడు.

ఎత్తకు మహేందర్, అనుకున్నాను మనసులో. మోగనియ్యి.